మాషీ క్విర్క్ చెప్పమన్న మాట

కోల్మన్ కీటింగ్ ఏడు పుస్తకాలు రాశాడు. ఒక్కదాని అట్ట మీద కూడా అతని పేరు లేదు. ఇద్దరు జాకీలు, ఒక బాక్సరు, ఒక రగ్బీ ఆటగాడు, కర్రలతో బంతి కొట్టే ఐరిష్ ఆట హర్లింగ్‌లో ముగ్గురు వీరులు. అట్టల మీద వాళ్ళ ముఖాలు, వాళ్ళ పేర్లు. లోపల "నేను పుట్టింది ఫలానా ఊళ్ళో" అన్న దగ్గర్నుంచి చివరి చుక్క దాకా ప్రతి అక్షరం కోల్మన్‌ది. ఇలా రాసిపెట్టేవాణ్ణి ఘోస్ట్ రైటర్ అంటారు. ఆ మాట అతనికి నచ్చేది కాదు. ఎవరైనా అడిగితే, "నేను దర్జీని. కొలతలు వాళ్ళవి, కుట్టుపని నాది," అనేవాడు.

అతను పుట్టింది ఐర్లండ్‌లో, బాలీనార్డ్ అనే ఊళ్ళో. తండ్రి రైల్వే స్టేషన్లో సామాన్లు మోసేవాడు. కోల్మన్ పద్దెనిమిదేళ్ళకే కౌంటీ వారపత్రికలో, అంటే జిల్లా పత్రికలో, పనికి కుదిరాడు. వారం పొడుగునా చావు కబుర్లు రాయడం, ఆదివారం ఆటలకు పోవడం. గోల్ వెనకాల గట్టు మీద వానలో నిలబడి, సిరా అయితే కారిపోతుందని పెన్సిల్‌తో రాసుకునేవాడు. సంపాదకుడు జెరాల్డ్ నూనన్ నోట్లోంచి పైపు తియ్యకుండానే పని నేర్పాడు. ఎవరు గెలిచారో నువ్వు చెప్పక్కర్లేదు, వాళ్ళంతా అక్కడే ఉన్నారు, పేర్లు మాత్రం తప్పు లేకుండా రాయి, వాళ్ళమ్మలు కత్తిరించి దాచుకుంటారు అనేవాడు.

ఇరవయ్యారో ఏట డబ్లిన్‌లో ఒక దినపత్రిక అతన్ని పిలిచింది. అక్కడే ఊనాతో పెళ్ళయింది. ఊనా ఒక లాయరు ఆఫీసులో టైపిస్టు. మాటలు తక్కువ, చెవులు చురుకు.

ఆ పత్రికలో ఒక పేరున్న జాకీ పేరుతో వారం వారం ఒక శీర్షిక వచ్చేది. ఆ జాకీ ఫోన్లో చెప్పేది నాలుగు ముక్కలు. గుర్రం బాగుంది, నేల మెత్తగా ఉంది, చూద్దాం, ఉంటా మరి. కోల్మన్ ఆ నాలుగు ముక్కల్ని నాలుగు పేరాలు చేసేవాడు. అవి చదివితే ఆ జాకీ పొయ్యి పక్కన కూర్చుని మనతో మాట్లాడుతున్నట్టే ఉండేది. ఒకసారి అతని తల్లి పత్రికాఫీసుకు ఉత్తరం రాసింది. మా వాడు ఇంట్లో నోరు విప్పడు, వాడి మనసులో ఏముందో మీ పత్రిక చదివే తెలుసుకుంటున్నాను అని. కోల్మన్ ఆ ఉత్తరాన్ని ఆఫీసులో అందరికీ చూపించి మురిసిపోయాడు. ఊనా చదివి, మడిచి ఇచ్చేసి, "పాపం ఆవిడ," అంది. ఎందుకు పాపమో అతను అడగలేదు.

అక్కడినుంచి పుస్తకాలు మొదలయ్యాయి. ఎదుటివాడి గొంతు పట్టుకోవడం కోల్మన్‌కి వెన్నతో పెట్టిన విద్య. వాడు ఎక్కడ ఆగుతాడు, ఏ మాట దగ్గర ముక్కు గోక్కుంటాడు, ఏది చెప్పబోయి మింగేస్తాడు, అన్నీ రెండుసార్లు కూర్చుని మాట్లాడితే తెలిసిపోయేవి. మింగేసిన మాటల్ని కూడా తనే బయటికి తీసి రాసేవాడు. అవి చదువుకుని ఆ ఆటగాళ్ళు, "నేను ఇలాగే అన్నానా? అనే ఉంటా," అనేవాళ్ళు. ఆరు పుస్తకాలు ఇలా గడిచిపోయాయి. ఏడోది మాషీ క్విర్క్‌ది.

మాషీ బాలీనార్డ్‌కి ఆరు మైళ్ళ అవతల పాల లారీ నడిపేవాడు. పద్దెనిమిదేళ్ళ కిందట, ముప్పయ్యేళ్ళ కరువు తర్వాత ఆ కౌంటీ కప్పు గెలిచినప్పుడు గోల్‌లో నిలబడ్డవాడు. ఆ రోజు అతను ఆపిన బంతుల గురించి ముసలాళ్ళు మద్యం దుకాణాల్లో ఇప్పటికీ గ్లాసులు బల్ల మీద పేర్చి చూపించేవాళ్ళు. ఆట మానేశాక డబ్లిన్ ప్రచురణకర్తలు అతని వెంట పడ్డారు. మూడేళ్ళపాటు వద్దన్నాడు. నాలుగో ఏడు తనంతట తనే ఫోన్ చేసి సరేనన్నాడు. ఎందుకు మనసు మార్చుకున్నాడో ఎవరికీ అర్థం కాలేదు. మీ ఊరివాడే రాస్తాడని కోల్మన్ పేరు చెప్తే, అయితే మంచిదే అన్నాడట.

వంటింట్లో కూర్చోబెడితే మాషీ నోరు పెగల్లేదు. అతని భార్య పెగ్ బ్రౌన్ బ్రెడ్, హామ్ కోసి పెట్టి, టీ మీద టీ పోసి, చివరికి తనే జవాబులు చెప్పడం మొదలుపెట్టింది. మూడో రోజున కోల్మన్‌కి ఉపాయం తట్టింది. పెరట్లో కొట్టు ఉంది. మాషీ అక్కడ యాష్ చెక్కను చిత్రిక పట్టి, హర్లింగ్ ఆడే హర్లీ కర్రలు చేసేవాడు. చేతులకు పని దొరికితే అతనికి నోరు వచ్చేది. కోల్మన్ రికార్డర్‌ని చెక్కపొట్టు మధ్య పెట్టి, తిరగేసిన బకెట్ మీద కూర్చునేవాడు. చిత్రిక గరగరల మధ్యే పధ్నాలుగు క్యాసెట్లు నిండాయి.

అక్కడ కూర్చున్న రోజుల్లోనే కోల్మన్ ఇంకో సంగతి పసిగట్టాడు. పోస్టులో ఏదైనా వస్తే మాషీ కవరు చింపి, కాగితం అతనికందించి, కళ్ళద్దాలు ఇంట్లో ఉన్నాయి, ఏమంటున్నారో చూడు అనేవాడు. అతనికి కళ్ళద్దాలు లేనే లేవు. సంతకం గీయగలడు, ఊళ్ళ బోర్డులు పోల్చుకోగలడు. అంతకుమించి అక్షరాలు అతని ముందు నిలబడేవి కావు. పన్నెండేళ్ళకే బడి మానిపించారు. ఇంట్లో చదివే పనంతా పెగ్‌ది. కోల్మన్ ఏమీ ఎరగనట్టే ఉత్తరాలు చదివి పెట్టేవాడు.

తొమ్మిదో క్యాసెట్‌లో మాషీ తన అన్న డినీ గురించి చెప్పాడు.

డినీ నాలుగేళ్ళు పెద్ద. మాషీకి గోల్‌లో నిలబడడం నేర్పింది అతనే. కప్పు గెలిచిన ఏడాది కౌంటీ గోల్‌కీపర్ కూడా డినీయే, మాషీ బెంచీ మీద. మొదటి ఆటకి మూడు వారాల ముందు డినీ గడ్డివాము మీంచి పడి ఎడమచేతి బొటనవేలు విరగ్గొట్టుకున్నాడు. ఎవరికీ చెప్పలేదు. రోజూ సాయంత్రం తమ్ముడి చేత గుడ్డ బిగించి కట్టించుకుని సాధనకి వెళ్ళేవాడు. ఆ సంగతి తెలిసినవాడు ప్రపంచంలో ఒక్క మాషీ. ఒక ఆదివారం పూజ అయ్యాక చర్చి వసారాలో ఒక సెలెక్టర్ చెవిన మాషీ ఆ మాట వేశాడు. బుధవారానికి డినీ జట్టులో లేడు. మాషీ గోల్‌లో ఉన్నాడు. ఎవరు చెప్పారో డినీ అడగలేదు. అడగాల్సిన పని లేదు. ఫైనల్‌కి పది రోజుల ముందు పడవెక్కి ఇంగ్లండ్‌లోని కవెంట్రీ వెళ్ళిపోయాడు. తల్లి పోయినప్పుడు కూడా రాలేదు.

చిత్రిక ఆగింది.

"జట్టు కోసం చెప్పానని అనుకుందామని చాలా ఏళ్ళు చూశా, కోల్మనూ. అది కాదు. నాకా జెర్సీ కావాల్సొచ్చింది. ఏలు ఇరిగినా ఆడి చేతిలోంచి ఒక్క బంతి జారలా. చూశా గదా నేను."

తర్వాత అసలు సంగతి బయటపెట్టాడు.

"మిగతాదంతా నీ ఇష్టం. కప్పులూ గిప్పులూ ఎట్టా రాసుకుంటావో రాసుకో. ఇదొక్కటీ నేను చెప్పినట్టే పెట్టు. నాకు ఉత్తరం రాయడం చేతగాదు. కవెంట్రీలో మనోళ్ళు ప్రతివాడూ ఈ పుస్తకం కొంటాడు. ఆడి చేతికి ఎట్టాగూ చేరుద్ది. అక్కడ కూచ్చుని చదువుకుంటాడు."

కోల్మన్ అలాగే పెడతానన్నాడు. ఆ రోజు నిజంగా అలాగే అనుకున్నాడు.

క్యాసెట్లు విని టైపు చేసే పని ఊనా చేసేది. తొమ్మిదోది విన్న మధ్యాహ్నం ఆమె చెవులకున్న హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టి, చాలాసేపు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. కోల్మన్ లోపలికి వస్తే, "ఇది విన్నావా నువ్వు?" అని అడిగింది.

"రికార్డు చేసింది నేనే కదా."

"అది కాదు నేనడిగింది," అంది ఊనా.

కోల్మన్ ఆ అధ్యాయాన్ని మాషీ చెప్పినట్టే రాసి పంపాడు. ప్రచురణ సంస్థలో హిలరీ ప్లంకెట్ అనే ఆమె చూసేది. మర్యాదస్తురాలు. భోజనానికి పిలిచి, అధ్యాయం బాగుందని చెప్పి, కాస్త ఇబ్బందిపడుతూ అసలు మాట ఎత్తింది. ఇది క్రిస్మస్‌కి జనం మేనమామలకీ మామగార్లకీ కొనిచ్చే పుస్తకం, కప్పు తెచ్చిన వీరుడు అన్నని వెన్నుపోటు పొడిచానంటే పండగపూట ఎవరికి మింగుడుపడుతుంది, కొంచెం మెత్తబరచండి అంది.

ఆమె అడిగింది అంతవరకే. ఈ మాట కోల్మన్ తర్వాత్తర్వాత తనకి తానే ఎన్నోసార్లు చెప్పుకున్నాడు. ఆమె మెత్తబరచమంది. రెండు వాక్యాలు తీసేస్తే సరిపోయేది. మిగిలిందంతా తన చేతిపనే.

ఇంటికి వచ్చి బల్ల ముందు కూర్చున్నాడు. మాషీ గొంతు చెవుల్లో ఉంది. రెండు వాక్యాలు తీశాడు. అక్కడ బోసిగా కనిపించింది. దాన్ని పూడ్చడానికి ఒక పెరడు వచ్చింది, పెరట్లో సాయంత్రపు ఎండ వచ్చింది, కోళ్ళ గూడు వచ్చింది. కోళ్ళ గూడు పక్కన కట్టుకట్టిన చేత్తో డినీ నిలబడ్డాడు. తన జెర్సీని మడిచి తమ్ముడి చేతుల్లో పెట్టాడు. "నా చెయ్యి పోయిందిరా. నీ చేతులున్నాయిగా," అన్నాడు. రెండు పేజీలు. ఒక్క కొట్టివేత లేకుండా వచ్చాయి. రాసి చదువుకుంటే కోల్మన్‌కే కళ్ళు చెమర్చాయి. జీవితంలో అంత బాగా ఎప్పుడూ రాయలేదనుకున్నాడు. ఆ మాట నిజమే కూడా.

ఊనా ఆ కాగితాలు టైపు చేస్తూ ఆగింది.

"కోళ్ళ గూడు ఏ క్యాసెట్లో ఉంది?"

"ప్రతిదీ క్యాసెట్లో ఉండదు."

"జెర్సీ చేతికివ్వడం?"

"రాయడమంటే టైపు కొట్టడం కాదు, ఊనా."

ఆమె కాగితం యంత్రంలోకి ఎక్కించి చివరిదాకా టైపు చేసింది. ఆ సాయంత్రం క్యాబేజీ, బేకన్ వడ్డించి, తను తినకుండా పైకి వెళ్ళిపోయింది. టైపు కొట్టడమన్న ఆ ఒక్క మాట తను అనకుండా ఉంటే ఆమె ఇంకో మాట అని ఉండేదేమో, తను ఆగి ఉండేవాడేమో అని కోల్మన్‌కి ముసలితనంలో కూడా అనిపించేది.

అచ్చుకి ముందు సరిచూసే ప్రూఫులు గడ్డికోతల రోజుల్లో మాషీకి వచ్చాయి. నా మాటలు నాకు మళ్ళీ వినిపించడమెందుకని మాషీ పెగ్‌ని చదవనివ్వలేదు, సంతకం చేసి పంపేశాడు. చేశాక ఫోన్ చేశాడు.

"డినీ సంగతి పెట్టావా?"

"డినీ మీద రెండు పేజీలున్నాయి, మాషీ. పుస్తకం మొత్తంలో అవే మంచి పేజీలు."

"దేవుడు నిన్ను సల్లగా చూడాలి," అన్నాడు మాషీ. ఫోన్ పెట్టేశాక కోల్మన్ వసారాలో అలాగే నిలబడ్డాడు. తను అబద్ధం ఒక్కటి కూడా ఆడలేదని లెక్క సరిచూసుకున్నాడు.

నవంబరులో పుస్తకాలు వచ్చాయి. పెగ్ తన ప్రతిని పొయ్యి దగ్గర కూర్చుని రెండు రోజుల్లో చదివేసింది. ఆమెకి పెళ్ళయింది కప్పు గెలిచిన రెండేళ్ళకి. అన్నదమ్ముల మధ్య ఏం జరిగిందో ఇంట్లో ఎవరూ ఆమెకి చెప్పలేదు. చదవడం పూర్తిచేసి, వెళ్ళి మాషీ భుజం మీద చెయ్యి వేసి, డినీ సంగతి ఇన్నాళ్ళూ నాకు తెలీదు, చెప్పి మంచిపని చేశావు అంది. ఆమె కళ్ళ నిండా నీళ్ళు. తన తప్పు తెలిసీ భార్య తనని ఏమీ అనలేదని మాషీ అనుకున్నాడు. ఆ మూడు నాలుగు రోజులూ ఈలవేస్తూ లారీ నడిపాడని ఊళ్ళోవాళ్ళు చెప్పారు.

ఆవిష్కరణ ఆదివారం మధ్యాహ్నం బాలీనార్డ్ చర్చి హాల్లో పెట్టారు. కుర్చీలు చాలక జనం గోడల వెంట నిలబడ్డారు. వేదిక మీద మాషీ కొత్త సూటులో, కాలరు బిగుతై, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కూర్చున్నాడు. కౌంటీ హర్లింగ్ సంఘం అధ్యక్షుడు లేచి, ఈ పుస్తకంలో నన్ను ఏడిపించిన చోటు ఒకటుంది, అది చదివి వినిపిస్తాను అని కళ్ళద్దాలు పెట్టుకున్నాడు. కోల్మన్ మూడో వరుసలో ఊనా పక్కన ఉన్నాడు. ఏ చోటో అతనికి వెంటనే తెలిసిపోయింది. లేచి ఏదైనా చెయ్యాలనుకున్నాడు. లేవలేదు.

అధ్యక్షుడిది మంచి గొంతు. పెరడు, ఎండ, కోళ్ళ గూడు ఒక్కొక్కటే వచ్చాయి. మాషీ మొదట తల పక్కకి వంచి విన్నాడు, ఎవరి సంగతో వింటున్నట్టు. జెర్సీ చేతులు మారే చోటికి వచ్చేసరికి అతని ముఖంలో రంగు దిగిపోయింది. హాల్లో ఆడవాళ్ళు రుమాళ్ళు తీశారు. చప్పట్లు మోగాయి. మాషీ చప్పట్లు ఆగేదాకా తన బూట్ల వంకే చూశాడు. తర్వాత తలెత్తి, మూడో వరుసలో కోల్మన్‌ని వెతికి పట్టుకుని, అలా చూస్తూ ఉండిపోయాడు.

మాషీ ఏమీ గొడవ చేయలేదు. జనం వరస కట్టారు. బల్ల దగ్గర కూర్చుని ఒక్కొక్క ప్రతి మీదా తన పేరు, నాలిక కొస పళ్ళ మధ్య పెట్టుకుని, గీత గీతగా రాశాడు. గంటన్నర పట్టింది. మీ అన్న బంగారం అని కొందరు అతని చెయ్యి పట్టుకుని ఊపారు. అవునన్నాడు.

బయట కార్ల దగ్గర కోల్మన్ అతని కోసం ఆగాడు. పొద్దు వాలుతోంది. పెగ్ కారులో కూర్చుని ఉంది.

"నేను నీకు చెప్పింది ఒక్కటే మాట," అన్నాడు మాషీ.

కోల్మన్ ప్రచురణకర్తల సంగతి, క్రిస్మస్ సంగతి ఎత్తాడు. మాషీ వినిపించుకోలేదు.

"నేను చదవలేనని నీకు తెలుసు."

అది ప్రశ్న కాదు. కోల్మన్, డినీకి నేను ఉత్తరం రాస్తాను, లేదంటే పత్రికలో నా పేరుతో నిజం రాస్తాను, తప్పు నాదేనని చెప్తాను అన్నాడు.

"వద్దు. ఒకసారి నా బదులు మాట్లాడావుగా. అది చాలు," అని మాషీ కారెక్కాడు.

ఆ పుస్తకం ఆ ఏడు అందరికన్నా ఎక్కువ అమ్ముడుపోయింది. హిలరీ ప్లంకెట్ ఎనిమిదో పుస్తకానికి ఒక పేరున్న గోల్ఫ్ ఆటగాణ్ణి చూపించింది. కోల్మన్ వద్దన్నాడు. ఒక్క పుస్తకం బాగా అమ్ముడయ్యేసరికే తలకి పొగరెక్కిందని ఆఫీసులో ఒకరంటే, సరుకు అయిపోయిందని ఇంకొకరన్నారు. అతను మళ్ళీ గోల్ వెనక గట్టు మీదికే వెళ్ళి నిలబడ్డాడు.

మార్చిలో అతను ఎవరికీ చెప్పకుండా, ఊనాకి మాత్రం చెప్పి, పడవెక్కాడు. జేబులో తొమ్మిదో క్యాసెట్ ఉంది. కవెంట్రీలో ఐరిష్ క్లబ్బు వెతుక్కోవడం కష్టం కాలేదు. ఆదివారం పూజ అయ్యాక డినీ క్విర్క్ ఎక్కడ కూర్చుంటాడో అడిగితే, కిటికీ పక్క బల్ల చూపించారు. పెద్ద మనిషి. భుజాలు తమ్ముడివే. కేబుల్ గోతులు తవ్వి తవ్వి నడుం వంగింది. గ్లాసు పట్టుకున్న ఎడమచేతి బొటనవేలు వంకరగా అతుక్కుని ఉంది.

కోల్మన్ తనెవరో చెప్పాడు.

"నువ్వేనా ఆ కోళ్ళ గూడు కట్టింది?" అన్నాడు డినీ. "మాకు కోళ్ళు లేవయ్యా. మా అమ్మకి కోళ్ళంటే పడదు."

కోల్మన్ అంతా చెప్పాడు. దేన్నీ మెత్తబరచకుండా చెప్పాడు. తొమ్మిదో క్యాసెట్ తీసి బల్ల మీద పెట్టాడు. మాషీ ఏం చెప్పాడో మీరే మీ చెవులతో వినండి అన్నాడు. డినీ దాని వంక చూశాడు గానీ ముట్టుకోలేదు.

"బాగానే రాశావులే. మూడుసార్లు చదివా. మూడోసారికి అట్టాగే జరిగిందేమో అనిపించింది గూడా." గ్లాసు కాస్త పక్కకి జరిపాడు. "కోపం ఎప్పుడో పోయింది నాకు. ఆ పుస్తకం చూశాక మళ్ళా వచ్చింది. సిగ్గులేని ఎదవ, నా చేతనే ఇప్పించుకున్నాడే అని."

"ఆ మాట మాషీది కాదు. నాది. మాషీ నిజం చెప్పాడు. ఇందులో ఉంది."

"నీకు చెప్పాడు. నాక్కాదు," అన్నాడు డినీ. క్యాసెట్‌ని ఒక వేలితో కోల్మన్ వైపుకి తోశాడు. "ఆణ్ణి రమ్మను. రాయక్కర్లా, చదవక్కర్లా. ఈ కుర్చీలో వచ్చి కూచోమను. కూచుంటే చాలు, చెప్పకపోయినా పర్లేదు."

కోల్మన్ ఆ మాట మోసుకుని తిరిగొచ్చాడు. దాన్ని మాషీకి చేరవెయ్యడమే మిగిలింది. బాలీనార్డ్ చేరితే అక్కడినుంచి ఆరు మైళ్ళ దారి.

ఏళ్ళ తరబడి ఎవరెవరి నోళ్ళలోనో మాటలు పెట్టిన మనిషికి ఆ ఒక్క మాట చేరవెయ్యడానికి కాళ్ళు రాలేదు. వద్దన్నా కవెంట్రీ ఎందుకెళ్ళావని మాషీ అంటాడేమోనని భయం. ఉత్తరం రాద్దామంటే అది పెగ్ చదవాలి, ఆమెకి ఎంత తెలుసో తెలియదు. రెండు ఉత్తరాలు రాసి చింపేశాడు. వేసవిలో ఒకసారి ఊరికి వెళ్ళినప్పుడు మాషీ ఇంటి గేటు దాకా కారు తోలాడు. కొట్టులోంచి చిత్రిక చప్పుడు వినిపిస్తోంది. ఇంజను ఆపకుండా కాసేపు కూర్చుని, వెనక్కి తిప్పుకుని వచ్చేశాడు. ఊనా ప్రతివారం అడిగేది, వెళ్ళావా అని. ఆటల రోజులు కానివ్వు, ఫైనల్ అయిపోనివ్వు, పత్రికలో సెలవు దొరకనివ్వు అనేవాడు. అక్టోబరులో ఆమె అడగడం మానేసింది.

డిసెంబరు మొదటి వారంలో డినీ క్విర్క్ కవెంట్రీలో బస్సు కోసం నిలబడి గుండె ఆగి పోయాడు.

శవాన్ని ఇంటికి తెచ్చారు. కౌంటీ కౌంటీ అంతా వచ్చింది. పాత జట్టువాళ్ళు చర్చి దారికి రెండు వైపులా నిలబడ్డారు. పూజలో ఫాదరు, ఆ మధ్యనే కొత్తగా వచ్చినవాడు, డినీ ఎంత గొప్ప మనిషో చెప్పడానికి అందరికీ తెలిసిన సంగతే ఎత్తుకున్నాడు. ఒక సాయంత్రం ఒక పెరట్లో ఒక అన్న తన జెర్సీ మడిచి తమ్ముడి చేతుల్లో పెట్టిన సంగతి. ముందు వరుసలో మాషీ వీపు కోల్మన్‌కి కనిపిస్తూనే ఉంది. ఆ వీపు కదల్లేదు.

శ్మశానం గోడ దగ్గర పెగ్ అతని దగ్గరికి వచ్చింది. ఆవిష్కరణ రోజునే మాషీ ఆమెకి నిజమంతా చెప్పేశాడట. ఈస్టర్ తర్వాత నేనే ఆయన్ని కవెంట్రీ తీసుకెళ్దామనుకున్నాను అని మొదలుపెట్టింది. వెళ్దామంటే ఆయన, వాడు తలుపు మొహాన వేస్తాడు, ఆ పుస్తకం చదివాక నా మొహం చూడడు అని కూర్చున్నాడట.

అప్పుడు కోల్మన్ చెప్పాడు. మార్చిలో వెళ్ళానని, డినీ రమ్మన్నాడని, కూర్చుంటే చాలన్నాడని.

వాన మొదలైంది. పెగ్ చేతి తొడుగులు తీసి మళ్ళీ తొడుక్కుంది.

"ఇది ఆయనకి చెప్పకండి," అంది. "మీరు చెప్తే మీకు బరువు దిగుద్ది. ఆయన ఇంక లేవడు. మీ దగ్గరే ఉంచుకోండి."

కోల్మన్ ఉంచుకున్నాడు.

ఉద్యోగం అయిపోయాక అతను, ఊనా బాలీనార్డ్‌కి తిరిగి వచ్చేశారు. వారపత్రికకి ఊరి జట్ల ఆటల కబుర్లు రాసి ఇచ్చేవాడు. ఊనా టైపు చేసేది కాదు, తనే రెండు వేళ్ళతో కొట్టుకునేవాడు. మాషీ కూడా ప్రతి ఆదివారం ఆటకి వచ్చేవాడు. చాలా ఏళ్ళు మైదానానికి అవతలి కొసన నిలబడ్డాడు. పలకరింపు లేదు. తల పంకించడం ఎప్పుడు మొదలైందో కోల్మన్‌కి గుర్తు లేదు. ఇద్దరికీ డెబ్బై దాటాక ఒక ఏప్రిల్ ఆదివారం మాషీ గట్టు వెంట నడిచి వచ్చి, అతని పక్కన, ఇనుప కమ్మీ మీద మోచేతులు ఆనించి నిలబడ్డాడు. మొదటి సగం ఆట అయిపోయింది.

"ఈ మధ్య నేనే చెప్తున్నా జనానికి," అన్నాడు చివరికి, మైదానం వంకే చూస్తూ. "అట్టా జరగలేదు, జెర్సీ ఇవ్వలేదు, నేనే ఆడి మీద చెప్పి తీసుకున్నా అని. దుకాణంలో చెప్పా. బడి పిల్లలు పిలిస్తే అక్కడా చెప్పా."

"ఏమన్నారు?"

"నమ్మరు. పుస్తకంలో ఉందిగా అంటారు. ఎంత గొప్పోడో చూడండి, అన్న పేరు నిలబెట్టడానికి తన మీదేసుకుంటున్నాడు అంటారు." నవ్వబోయి ఊరుకున్నాడు. "నిరుడు ఒక పంతులమ్మ ఏడ్చింది గూడా."

కవెంట్రీలో కిటికీ పక్క కుర్చీ, అక్కడ డినీ రమ్మన్న మాట కోల్మన్ నాలిక దాకా వచ్చాయి. గేటు దగ్గర ఆపిన కారులో పెగ్ కూర్చుని ఉంది. మోకాళ్ళ మీద దుప్పటి కప్పుకుని, అద్దంలోంచి వాళ్ళిద్దరి వైపే చూస్తోంది.

"గాలి ఇటు తిరిగింది," అన్నాడు కోల్మన్.

"తిరిగింది," అన్నాడు మాషీ. "రెండో సగం మనోళ్ళకి కష్టమే."

జట్లు మళ్ళీ మైదానంలోకి వస్తున్నాయి.